దరఖాస్తులో జారిన అక్షరం

(విశాఖపట్నం పూర్ణా మార్కెట్ ప్రాంతంలో ముస్లిం విద్యార్థులు, వారి తల్లిదండ్రులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము మాట్లాడదలచిన విషయం పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కళాశాల ప్రవేశానికి పంపిన దరఖాస్తులో, ముఖ్యంగా దానికి జతపరచిన వ్యాసంలో, అక్షరదోషం మిగిలిపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నను పిల్లలు మమ్మల్ని తరచుగా అడుగుతున్నారు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని వ్యాసం రాస్తారు. పదిసార్లు చదువుకుంటారు. పంపిన మరునాడు నకలు తీసి చూస్తే, మూడో పేరాలో ఒక అక్షరం జారిపోయి కనిపిస్తుంది. కళాశాల అధిపతిని తెలిపే ‘ప్రిన్సిపల్’ ఉండవలసిన చోట, సూత్రాన్ని తెలిపే ‘ప్రిన్సిపుల్’ పడి ఉంటుంది. ఇక ఆ బిడ్డకు అన్నం సహించదు. తన సీటు పోయినట్టేనా అని అడుగుతుంది. ఇంట్లో జవాబు చెప్పగలవారు ఉండరు. తండ్రి ఉల్లిపాయల బస్తాల లెక్క కళ్లు మూసుకుని చెప్పగలడు. ఆ ఇంగ్లీషు వ్యాసం సంగతి మాత్రం ఆయనకు తెలియదు.

ఈ భయాన్ని నవ్వి కొట్టిపారేయడం న్యాయం కాదు. మోయనవసరం లేని బరువును పిల్లల నెత్తిన ఉంచడమూ న్యాయం కాదు. కనుక ఏ తప్పుకు ఎంత భయపడాలో తూకం వేసి చూద్దాం. కాటా పట్టడం తెలిసినవారు ఈ పూర్ణా మార్కెట్‌లో ఎందరో ఉన్నారు.

దరఖాస్తులో దొర్లే తప్పులు రెండు రకాలు. మొదటిది వ్యాసంలో దొర్లే అచ్చుతప్పు. రెండోది పేరులో, పుట్టినతేదీలో, కుల ధ్రువీకరణలో దొర్లే తప్పు. మన పిల్లలు మొదటిదానికి నిద్ర పోగొట్టుకుంటున్నారు. రెండోదానిని మనలో ఎవరూ పట్టించుకోవడం లేదు. మేము చెప్పదలచినది ముఖ్యంగా ఇదే.

వ్యాసంలోని తప్పు

ముందుగా వ్యాసం సంగతి చూద్దాం. అమెరికాలోని అనేక కళాశాలలకు ‘కామన్ యాప్’ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా పంపే వ్యాసం 650 మాటలకు మించకూడదు. బ్రిటన్‌లో ‘యూకాస్’ ద్వారా పంపే స్వీయ వివరణకు 4,000 అక్షరాల హద్దు ఉంది. పై చదువులకు వెళ్లేవారు తమ ఉద్దేశ్యాన్ని వివరిస్తూ ఒక పత్రం రాస్తారు. పిల్లలు దానిని ఎస్‌ఓపీ అంటారు. మన దేశంలోనూ కొన్ని విశ్వవిద్యాలయాలు ఇటువంటి వ్యాసాలు అడుగుతున్నాయి.

వీటిని ఎందుకు అడుగుతారు? మార్కుల జాబితా చెప్పలేని సంగతిని తెలుసుకోవడానికి. ఈ విద్యార్థి ఏమి చూసింది, ఏమి ఆలోచించింది, ఈ చదువే ఎందుకు కోరుకుంటోంది అన్నది వారికి కావాలి. ఒక మాటలో ఒక అక్షరం జారితే చదివేవారు గమనించవచ్చు. గమనించి ముందుకు సాగిపోతారు. వాక్యం వాక్యానికీ తప్పులు ఉంటే శ్రద్ధ చాలలేదనుకుంటారు. ఒక విశ్వవిద్యాలయానికి రాసిన వ్యాసాన్నే మరొకదానికి పంపుతూ, మొదటిదాని పేరు మార్చడం మరిచిపోతే దానిని అచ్చుతప్పుగా ఎవరూ భావించరు. తమ సంస్థపై ఆసక్తి లేదని భావిస్తారు. ఈ తేడా పిల్లలు గ్రహించాలి.

పంపిన తరువాత ఏమి చేయాలి? కామన్ యాప్‌లో ఒక కళాశాలకు చేరిన ప్రతిని మార్చలేరు. ఇంకా పంపని కళాశాలలకు మాత్రం దిద్దిన వ్యాసాన్ని పంపుకోవచ్చు. యూకాస్‌లో పంపిన వివరణను విద్యార్థి మళ్లీ మార్చలేడు. కాబట్టి అది కేవలం అక్షరదోషమైతే వదిలేయండి. సవరించిన ప్రతి పంపుతామంటూ లేఖ రాస్తే, ఎవరూ చూడని తప్పును మనమే వేలుపెట్టి చూపినట్టవుతుంది. మార్కులు, చదివిన సంవత్సరం, కోర్సు పేరు వంటి వాస్తవం తప్పుగా పడితే మాత్రం ఊరుకోకూడదు. దరఖాస్తు సంఖ్య, తప్పు పడిన చోటు, సరైన సమాచారం, దానికి ఆధారపత్రం: ఈ నాలుగింటితో ప్రవేశ విభాగానికి చిన్న ఈమెయిల్ పంపండి. అందులో పేజీడు క్షమాపణలు అక్కరలేదు.

ఈ భయం ఎక్కడిది?

ఇంత చెప్పినా మన పిల్లల భయం పోదని మాకు తెలుసు. ఎందుకంటే ఆ భయానికి మూలం అచ్చుతప్పులో లేదు.

జస్టిస్ రాజిందర్ సచార్ సంఘం 2006 నవంబరులో సమర్పించిన నివేదికను గుర్తు చేసుకోండి. దేశంలో 20 ఏళ్లు, ఆపై వయసువారిలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు కలిసి సుమారు 7 శాతం ఉంటే, ముస్లింలలో 4 శాతం కన్న తక్కువ అని ఆ నివేదిక తేల్చింది. అవి 2001 జనగణన నాటి అంకెలు. అయితే ఆనాడు కళాశాల గడప తొక్కని తల్లిదండ్రుల పిల్లలే నేడు దరఖాస్తులు పెడుతున్నారు. చదువుకున్న కుటుంబంలో వ్యాసాన్ని బాబాయి చూస్తాడు, అమెరికాలో ఉన్న అక్క చూస్తుంది, పక్కింటి ప్రొఫెసరు చూస్తాడు. మన బిడ్డ వ్యాసానికి ఆ రెండో కన్ను లేదు. రాసిందీ తానే, దిద్దిందీ తానే. అందువల్ల తప్పు దొర్లితే పూర్తి బాధ్యత తనదేనని కుమిలిపోతుంది.

మరొక కారణం ఇంకా బాధాకరమైనది. ఇతర విద్యార్థి తప్పు రాస్తే అది ఆ విద్యార్థి తప్పు. తాను తప్పు రాస్తే ‘వీళ్ల చదువులు ఇంతే’ అనే మాటకు అది రుజువవుతుందని మన బిడ్డ భయపడుతుంది. హాజరు పిలిచేటప్పుడు తన పేరు రాగానే నాలుగు తలలు తిరగడం చిన్ననాటి నుంచి చూసిన బిడ్డ, జాతి మొత్తం గౌరవాన్ని 650 మాటల్లో మోయవలసి ఉందనుకుంటుంది. ఆ బరువు ఆమెది కాదని చెప్పవలసినవారం మనమే.

ఈ బిడ్డ ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది, బజారులో తెలుగు మాట్లాడుతుంది, తరగతిలో ఇంగ్లీషు రాస్తుంది. ఒక లిపి కుడి నుంచి ఎడమకు, మిగిలిన రెండూ ఎడమ నుంచి కుడికి. మూడు భాషల మధ్య రోజూ ప్రయాణించేవారికి ఎక్కడో ఒకచోట అక్షరం జారడం సహజం. మూడు భాషలు వచ్చినందుకు గర్వపడవలసిన బిడ్డ, ఒక అక్షరానికి సిగ్గుపడుతోంది.

వ్యాసంలోని తప్పులను గురించిన వాదం ఈ నగరానికి కొత్తది కాదు. నూరేళ్లకు పైగా వెనక్కు వెళితే, ఈ పాతనగరంలోని ఏవీఎన్ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు, విజయనగరంలో గురజాడ అప్పారావు కనిపిస్తారు. విద్యార్థి తెలుగు వ్యాసాన్ని ఎవరూ మాట్లాడని పాత భాషలో రాయాలని, వాడుక మాట పడితే తప్పని పండితులు పట్టుబట్టిన రోజులవి. ఆ పట్టుదల పిల్లల నోరు నొక్కేస్తుందని ఈ ముగ్గురూ వాదించారు. గురజాడ తన అసమ్మతి పత్రాన్ని 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం ముందుంచారు. గిడుగు మరో అడుగు వేసి, పండితులు రాసిన గ్రంథాలలోని వ్యాకరణ దోషాలనే ఏరి చూపించారు. నియమాలు విధించేవారే వాటిని పాటించలేకపోతున్నారని అలా రుజువు చేశారు. ఆనాడు అధికారులు పండితుల పక్షమే వహించారు. కాలం మాత్రం ఈ ముగ్గురి పక్షం వహించింది.

అచ్చుతప్పును మన తెలుగు పత్రికలవారు ముద్రారాక్షసం అంటారు. పాత పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఉండేది. దానిని చూసి ఆ పండితునికి విద్య లేదని ఎవరూ అనలేదు. ఆపాటి మన్నన మన పిల్లలకు వారూ, మనమూ ఇచ్చుకోవాలి.

పేరులోని తప్పు

ఇక రెండో రకం తప్పు దగ్గరకు వద్దాం. ఇక్కడ మాత్రం నిర్లక్ష్యం పనికిరాదు.

మన పేర్లు మూడు లిపుల గుండా ప్రయాణిస్తాయి. ఉర్దూలో ‘స’ ధ్వనికి మూడు అక్షరాలు, ‘జ’కు దగ్గరగా పలికే ఒత్తు ధ్వనికి నాలుగు అక్షరాలు ఉన్నాయి. ఆ నాలుగూ తెలుగులోకి వచ్చేసరికి ఒక్క ‘జ’లో కలిసిపోతాయి. తెలుగు రాత చూసి ఇంగ్లీషులోకి మార్చేవారు జహీర్, రిజ్వానా వంటి పేర్లను ఒకసారి ‘జెడ్’తో, మరోసారి ‘జే’తో రాస్తారు. గౌస్ అనే పేరులో ‘హెచ్’ ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. ఖాదర్ అనే పేరు ‘కే’తో, ‘కేహెచ్’తో, ‘క్యూ’తో మూడు రూపాలు ధరిస్తుంది. బాషా ఒక పత్రంలో పాషా అవుతాడు, మరొక పత్రంలో భాషా అవుతాడు.

షేక్ అన్న మాటనే తీసుకోండి. చివర ‘కే’ ఒక్కటే ఉంటుంది, లేదా ‘కేహెచ్’ ఉంటుంది; మధ్యలో ‘ఏఐ’ ఉంటుంది, లేదా ‘ఈఐ’ ఉంటుంది. తొందరలో ఉన్నవారు ‘ఎస్‌కే’ అని రెండక్షరాలతో ముగిస్తారు. ముహమ్మద్ అన్న పవిత్ర నామం ‘ఎండీ’గా కుదించుకుపోతుంది. ఆంధ్రదేశంలో ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల షేక్, సయ్యద్ వంటివి ఇంటిపేరు గడిలోకి వెళతాయి. మరో దరఖాస్తులో అవే అసలు పేరు గడిలో కూర్చుంటాయి. తల్లి పేరు చివర ఒక పత్రంలో బీ, ఒక పత్రంలో బీబీ, ఇంకొక పత్రంలో బేగం.

ఇవన్నీ ఎవరు రాశారు? బడిలో చేర్చినప్పుడు, విన్నది విన్నట్టుగా ఎవరో రాసుకున్నారు. రేషన్ కార్డు మరొకరు రాశారు. ఆధార్ వివరాలు ఇంకొకరు కొట్టారు. నెట్ సెంటర్‌లో బయట పదిమంది వరుసలో ఉండగా దరఖాస్తు నింపారు. ఏ ఒక్కచోటా ఆ పేరు గలవారిని కూర్చోబెట్టి, ఇది సరిగ్గా ఉందా అని అడగలేదు. ఏళ్ల తరువాత పత్రాల పరిశీలన నాడు ఆ నాలుగు రూపాలూ ఒకే బల్ల మీద పరుచుకుంటాయి. అప్పుడు ఆ నలుగురూ ఒక్కరేనని రుజువు చేసుకోవలసిన భారం మాత్రం విద్యార్థిది.

దీని వల్ల పోయేది ఎంత విలువైనదో చూడండి. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం తరగతులకు 4 శాతం రిజర్వేషన్ 2007 చట్టంతో వచ్చింది. దానినే బీసీ-ఈ అంటున్నాం. అంతకు ముందు రెండు ప్రయత్నాలు కోర్టులో వీగిపోయాయి. ఈ చట్టాన్ని కూడా 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. ఆ జాబితాలో షేక్ ఒక వర్గం. ఇన్ని మెట్లు ఎక్కి సాధించుకున్న హక్కు, ధ్రువపత్రంలోని షేక్‌కు పదో తరగతి పత్రంలోని ‘ఎస్‌కే’ సరిపోలడం లేదన్న మాటతో ఆగిపోతే దానిని ఏమనాలి?

పైగా తలుపులు తగ్గుతున్న కాలమిది. పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేస్తున్నట్టు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో పార్లమెంటుకు తెలిపింది. విదేశీ చదువుల రుణాలకు వడ్డీ భరించే ‘పఢో పర్‌దేశ్’ పథకమూ ఆ ఏడాదితోనే ఆగింది. ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు మెట్రిక్ పూర్వ ఉపకార వేతనం నిలిచిపోయింది. మిగిలిన కొద్ది తలుపుల దగ్గర అక్షరం తేడా వచ్చిందని వెనక్కు తిరిగితే, మళ్లీ తట్టడానికి మరో తలుపు ఉండకపోవచ్చు.

న్యాయస్థానాలు ఏమన్నాయి?

నిరాశ పడనవసరం లేదు. ఈ విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు మనకు తెలిసి ఉండాలి.

జిగ్యా యాదవ్ కేసులో 2021 జూన్ 3న ఇచ్చిన తీర్పులో, పేరు వ్యక్తి గుర్తింపులో భాగమని, దానిపై వ్యక్తికి ఉన్న అధికారం రాజ్యాంగంలోని 19, 21 అధికరణల పరిధిలోకి వస్తుందని న్యాయస్థానం చెప్పింది. ధ్రువపత్రాలలో దిద్దుబాటుకు, మార్పుకు తగిన అవకాశం కల్పించాలని సీబీఎస్ఈని ఆదేశించింది. అది సీబీఎస్ఈకి సంబంధించిన తీర్పే అయినా, పేరు సరిచేయమని అడగడం యాచన కాదనీ అది హక్కు అనీ దేశమంతటికీ చెప్పింది.

వశిష్ఠ నారాయణ్ కుమార్ కేసు మన సందర్భానికి ఇంకా దగ్గరైనది. బీహార్‌లో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి ఆయన అన్ని పరీక్షలూ నెగ్గారు. నెట్ సెంటర్ వంటి చోట మరొకరి సాయంతో దరఖాస్తు నింపించినప్పుడు, పుట్టినతేదీ 18కి బదులు 8 అని పడింది. ఆ తేడా చూపి ఆయనను అనుత్తీర్ణునిగా ప్రకటించారు. హైకోర్టులో ఓడిపోయారు. 2024 జనవరి 2న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ఆ తప్పు అల్పమైనదని, దాని వల్ల ఆయన పొందిన ప్రయోజనమేదీ లేదని, ఎంపికలో దాని పాత్ర లేదని తేల్చింది. అల్పమైన తప్పు, ప్రయోజనం ఆశించి చేసిన తప్పు ఒకటి కావన్నదే ఆ తీర్పు సారం.

అయితే ఒక హెచ్చరిక. గడువు విషయంలో న్యాయస్థానం కఠినంగానే ఉంటుంది. సివిల్ సర్వీసుల పరీక్షలో ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ధ్రువపత్రాన్ని గడువులోగా సమర్పించని అభ్యర్థులకు 2023లో ఊరట లభించలేదు. ఫీజు గడువు నిమిషాల్లో తప్పిన అతుల్ కుమార్ అనే దళిత విద్యార్థికి 2024 సెప్టెంబరులో ధన్‌బాద్ ఐఐటీలో సీటు ఇప్పించడానికి సుప్రీంకోర్టు 142వ అధికరణం కింద తన విశేషాధికారాన్ని ఉపయోగించవలసి వచ్చింది. అందరికీ ఢిల్లీ వెళ్లే స్తోమత ఉండదు. కిటికీ దగ్గర పూర్తి కావలసిన పని కోర్టు దాకా పోకుండా చూసుకోవడమే తెలివి.

మనం చేయవలసిన పనులు

మొదట తల్లిదండ్రులకు. బిడ్డ పదో తరగతిలోకి రాకముందే ఇంట్లోని పత్రాలన్నీ ఒకచోట పరచండి. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టినతేదీ ఒక్కొక్క అక్షరం చొప్పున సరిపోల్చండి. ఒక రూపాన్ని నిశ్చయించి కాగితం మీద మూడు లిపుల్లో రాసి పెట్టుకోండి. ఇకపై ఏ గడి నింపినా ఆ కాగితం చూసే నింపించండి. పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందు ప్రధానోపాధ్యాయుని కలిసి మీ బిడ్డ వివరాలు చూపమని అడగండి. తరువాత జీవితమంతా ఆ పత్రమే ఆధారమవుతుంది. ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టినతేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. కనుక పదో తరగతి పత్రంతో పోల్చుకున్నాకే ఆ అవకాశం వాడుకోండి. పద్దులో రూపాయి తేడా వస్తే రాత్రికి రాత్రి పట్టుకునే మీరు, బిడ్డ పేరులో అక్షరం తేడాను పట్టుకోలేరా?

విద్యార్థులకు. నెట్ సెంటర్‌లో నింపించినా, పంపే ముందు ప్రతి గడినీ మీరే పైకి చదవండి. వ్యాసాన్ని కాగితం మీద అచ్చు తీసి, ఒకసారి బిగ్గరగా, ఒకసారి చివరి వాక్యం నుంచి మొదటికి చదవండి. కంటికి అలవాటైపోయిన తప్పులు అప్పుడు బయటపడతాయి. మరొకరి చేత చదివించండి. చివరి రోజు దాకా ఆగకండి. ఈఏపీసెట్ వంటి ప్రవేశ పరీక్షలకు దిద్దుబాటు గడువు ఉంటుంది. కొన్ని వివరాలు మీరే మార్చుకోవచ్చు. పేరు, పుట్టినతేదీ వంటివాటికి కన్వీనరుకు ఆధారాలతో రాయాలి. ఆ తేదీలను గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి.

మన సంఘాలకు, మసీదు కమిటీలకు. ప్రవేశాల కాలంలో వారానికి ఒక సాయంకాలం, ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేయండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఏవీఎన్‌లో చదువుకున్న మన పిల్లలు ఈ నగరంలో తక్కువేమీ లేరు. తమ తరువాతివారి వ్యాసాలకు వారే రెండో కన్ను కావాలి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు.

ప్రభుత్వానికీ, విద్యాసంస్థలకూ మా విన్నపం మూడు మాటల్లో. ప్రతి దరఖాస్తుకూ దిద్దుబాటు గడువు ఉండాలి. లిప్యంతరీకరణ వల్ల వచ్చే పేరు తేడాను, విద్యార్థి స్వీయ ప్రకటనతో, మిగిలిన ఆధారాలతో సరిపెట్టాలి. తిరస్కరించేటప్పుడు ఏ అక్షరం వద్ద అభ్యంతరమో రాతపూర్వకంగా చెప్పాలి. ఇది మాకోసం మాత్రమే అడుగుతున్నది కాదు. ఇంటిపేరు విప్పి రాయడంలో, పొల్లులో, దీర్ఘంలో తేడా వచ్చి ఇబ్బంది పడే పేద విద్యార్థులు అన్ని మతాలలోనూ ఉన్నారు.

చివరగా, దరఖాస్తు పంపి ఫలితం కోసం ఎదురుచూస్తున్న బిడ్డలకు ఒక మాట. మీ వ్యాసాన్ని ఇంకొకసారి తెరవకండి. ఆ ఒక్క అక్షరం మీ భవిష్యత్తును మింగేయదు. ఆ సమయంలో మీ ధ్రువపత్రాలు తీసి, పేరు అన్నిట్లో ఒకేలా ఉందేమో చూసుకోండి. ఉంటే హాయిగా నిద్రపోండి. లేకపోతే రేపు ఉదయమే మీసేవకో, వార్డు సచివాలయానికో బయలుదేరండి. ఒంటరిగా వెళ్లలేకపోతే మాకు కబురు పంపండి, వెంట మేము వస్తాము.

వస్సలాం.